సైరన్ మోత బండిది, భారం మోత ఎవరిది?

అంబులెన్సు కూత వినబడగానే ప్రక్కకు తప్పుకునేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. తప్పుకోనివాణ్ణి తిట్టుకునేవాళ్ళలో కూడా ఒకణ్ణి. కనుక "ప్రాణాలు కాపాడే బండి మీద కూడా పడ్డావా నాయనా!" అని విసుక్కోబోయేవారికి ముందే మనవి చేసుకుంటున్నాను. నా తగవు ఆ బండితో కాదు, దాన్ని నడిపే మనిషితో అంతకన్నా కాదు. ఆ బండి దారిన పోయేవాణ్ణి గుద్దిన తరువాత, అతని ఇంటివాళ్ళకు జవాబు చెప్పవలసినవాళ్ళు ఒకరి వెనుక ఒకరు దాక్కుంటారే, ఆ దాగుడుమూతలతో నా తగవు.

మా వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకుని బ్రతికే ఒక మనిషి ఉండేవాడు. వయసు ముప్ఫై ఎనిమిది. తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు. కొన్నేళ్ళ క్రిందట ఒక సాయంత్రం, సైకిలు వెనుక బట్టల మూట కట్టుకుని, పచ్చదీపం చూసుకునే కూడలి దాటుతున్నాడు. అటువైపు ఎర్రదీపాన్ని లెక్కచేయకుండా వచ్చిన అంబులెన్సు అతణ్ణి కొట్టింది. ఆ రాత్రే పోయాడు. పరామర్శకు వచ్చిన పెద్దలందరూ ఒకే మాట అన్నారు: "ఎవరినో బ్రతికించడానికి వెళుతున్న బండి కదమ్మా, ఏం చేస్తాం!" ఆ మాటకు ఆమె తల ఊపింది. ఎవరో బ్రతకడానికి తన భర్త పోవలసి వచ్చిందన్న లెక్కను ఆమె చేత అంత సులువుగా ఒప్పించేశాం.

తరువాత ఆమె వెంట నేను నాలుగు కార్యాలయాల మెట్లెక్కాను. ఆసుపత్రివారు, బండి మాది కాదు, గుత్తేదారుది అన్నారు. గుత్తేదారు, బండి నాదే గానీ ఆ వేళ పంపినది ఆసుపత్రి అన్నాడు. బీమా సంస్థవారు, చోదకుడికున్నది తేలికపాటి వాహనపు లైసెన్సు, నడిపినది రవాణా వాహనం కనుక పైసా ఇవ్వనక్కరలేదన్నారు. మిగిలినది నెలజీతానికి పనిచేసే ఆ చోదకుడొక్కడే. అతని మీద కేసు పెట్టారు, ఉద్యోగం ఊడబెరికారు. ఉరుము ఉరిమి మంగలం మీద పడడమంటే ఇదే. దావా వేశాం. అది నేటికీ వాయిదాలలోనే ఉంది. పెద్దపిల్లవాడు బడి మానేసి తండ్రి ఇస్త్రీపెట్టె పట్టుకున్నాడు.

ఇంతకీ చట్టం ఏమంటున్నది? 2017 నాటి మోటారు వాహనాల చోదక నిబంధనలు అత్యవసర వాహనాలకు ప్రత్యేక హక్కులిచ్చాయి. నిజంగా అత్యవసర పనిమీద ఉన్నప్పుడు, సైరన్, దీపాలు వాడుతూ అవి ఎర్రదీపాన్ని దాటవచ్చు. అయితే వేగం తగ్గించి, తగిన జాగ్రత్తతో దాటాలి. ఇచ్చినది ముందు వెళ్ళే హక్కు. మనుషుల మీదుగా వెళ్ళే హక్కు కాదు. దారి ఇవ్వని పౌరుడికి మాత్రం 2019 సవరణ 194ఇ సెక్షను క్రింద ఆరు నెలల దాకా జైలు గానీ, పదివేల రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ వ్రాసిపెట్టింది. మంచిదే. మనకు చెప్పేటప్పుడు ఇంత గట్టిగా మాట్లాడే రాజ్యం, తన వంతు వచ్చేసరికి ఎందుకు నసుగుతుంది?

ఈ నసుగుడు ఈనాటిది కాదు. 1952లో ఉదయపూర్‌లో కలెక్టరు గారి జీపును మరమ్మతు చేయించి తీసుకువస్తున్న డ్రైవరు, కాలిబాట మీద నడుస్తున్న ఒక మనిషిని గుద్ది చంపాడు. అతని భార్య విద్యావతి, మూడేళ్ళ కూతురు దావా వేస్తే, రాజస్థాన్ ప్రభుత్వం సార్వభౌమాధికారం మాటున నిలబడి సుప్రీంకోర్టు దాకా పోరాడింది. 1962లో ఓడిపోయింది. పరిహారం పదిహేను వేలు, పట్టిన కాలం పదేళ్ళు! అక్కడితో ఆగినా బాగుండేది. 1964లో కస్తూరిలాల్ కేసు వచ్చింది. పోలీసులు పట్టుకున్న బంగారాన్ని హెడ్ కానిస్టేబులే ఎత్తుకుని పాకిస్తానుకు పారిపోయినా, అది సార్వభౌమ విధి గనుక ప్రభుత్వానికి బాధ్యత లేదని అదే న్యాయస్థానం తీర్పు చెప్పింది. చెబుతూనే, ఈ పరిస్థితిని శాసనం ద్వారా సరిదిద్దుకోవాలని కూడా సూచించింది.

ఆ శాసనం ఏదీ? లా కమిషన్ తన మొట్టమొదటి నివేదికలోనే, 1956లో, ప్రభుత్వ బాధ్యతపై చట్టం కావాలని అడిగింది. 1965లో ఒక బిల్లు, 1967లో మరొక బిల్లు వచ్చాయి. రెండూ మురిగిపోయాయి. పాత సిద్ధాంతాన్ని చాలావరకు కోసిపారేసినది న్యాయస్థానాలే. 1994లో మన ఆంధ్రప్రదేశ్‌కే చెందిన ఎరువుల వ్యాపారి నాగేంద్రరావు కేసులో, సంక్షేమ రాజ్యంలో ఈ రాచరికపు మినహాయింపుకు చోటు లేదన్న ధోరణిలో సుప్రీంకోర్టు మాట్లాడింది. అయినా ఇప్పటికీ పోలీసు బండో, అగ్నిమాపక శకటమో ఢీకొన్న కేసులో ప్రభుత్వపు జవాబు దావా తెరిచి చూస్తే, "విధి నిర్వహణలో భాగంగా" అన్న పాత మంత్రం మొదటి పేరాలోనే కనబడుతుంది.

దీనికి తోడు మరొక సౌకర్యం ఉంది. మీరూ నేనూ బీమా లేకుండా స్కూటరు బయటకు తీస్తే నేరం. కానీ మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను, వాణిజ్యేతర పనులకు వాడే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ వాహనాలను ఆ నిర్బంధం నుండి మినహాయించింది. ప్రభుత్వానికి డబ్బుకు కొదవ లేదు, ఎప్పుడైనా చెల్లించగలదు అన్నది అందులోని తర్కం. చెల్లించగలగడం వేరు, చెల్లించడం వేరు. బీమా సంస్థ దగ్గరకైతే ఒక పాలసీ సంఖ్య పట్టుకుని వెళ్ళవచ్చు. ప్రభుత్వ శాఖ దగ్గరకు వెళితే బడ్జెట్టు పద్దు కావాలి, ఆర్థిక శాఖ అనుమతి కావాలి, ఈలోగా అప్పీలు వేస్తారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నమాట.

ఇక లెక్క చూద్దాం. నెలకు పన్నెండు వేలు సంపాదించే స్వయంఉపాధి మనిషి ముప్ఫై ఎనిమిదేళ్ళకు పోయాడనుకోండి. సంవత్సరానికి 1,44,000. ప్రణయ్ సేథీ తీర్పు (2017) ప్రకారం భవిష్యత్తు పెరుగుదలకు 40 శాతం కలిపితే 2,01,600. నలుగురు ఆధారపడినవాళ్ళుంటే అతని సొంత ఖర్చు క్రింద నాలుగవ వంతు తీసివేయాలి. 1,51,200 మిగులుతుంది. సరళా వర్మ తీర్పు (2009) పట్టిక ప్రకారం ఆ వయసుకు 15తో గుణిస్తే 22,68,000. అంత్యక్రియల వంటి పద్దులు దీనికి అదనం. కానీ ఇది రావాలంటే నిర్లక్ష్యం నిరూపించాలి. నిరూపించనక్కరలేని 164వ సెక్షను దారి కూడా ఉంది. అక్కడ మరణానికి ఐదు లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు. అది పుచ్చుకుంటే ట్రిబ్యునలు ముందున్న దావా రద్దవుతుంది. ఆకలితో ఉన్న ఇల్లు ఐదు లక్షల దగ్గరే ఆగిపోతుందని ఈ ఏర్పాటు చేసినవాళ్ళకు తెలియదంటారా?

నిర్లక్ష్యం నిరూపించడం మాటలా? సైరన్ మోగిందా, వేగం ఎంత, లోపల నిజంగా రోగి ఉన్నాడా, ఈ వివరాలన్నీ బండి నడిపించే సంస్థ చేతిలోనే ఉంటాయి. సాక్ష్యం ప్రతివాది పెట్టెలో, నిరూపణ భారం వితంతువు నెత్తిన!

"ఇలా బాధ్యత, బాధ్యత అని బెదిరిస్తే చోదకులు భయపడి నెమ్మదిగా నడుపుతారు, లోపలి రోగి పోతాడు" అని కొందరు మిత్రులంటారు. తోసిపుచ్చదగిన వాదన కాదు. 2005లో 108 సేవ వచ్చిన తరువాత తెలుగునాట ఎన్ని ఇళ్ళలో దీపం ఆరకుండా నిలిచిందో నేనెరుగుదును. కానీ ఆ భయం ఎక్కడ నుండి వస్తున్నదో చూడండి. పరిహారం ఇవ్వవలసినవాళ్ళు ఇవ్వక, తప్పంతా చోదకుడి నెత్తిన రుద్దడం వల్లనే అతడు భయపడుతున్నాడు. 2024 జూలై నుండి అమలైన భారతీయ న్యాయ సంహిత, నిర్లక్ష్యంతో ప్రాణం తీసినందుకు శిక్షను రెండేళ్ళ నుండి ఐదేళ్ళ దాకా పెంచింది. ఇన్ని నిమిషాలలో చేరుకోవాలని గడువు పెట్టినవాడికి ఏ శిక్షా లేదు. యజమాని వెంటనే చెల్లించే ఏర్పాటు ఉంటే, చోదకుడికే మొదట గుండె దిటవవుతుంది.

నా వాదన సారాంశం ఒక్కటే. రోడ్డు వేయడానికి రైతు పొలం తీసుకుంటే, అది ప్రజాప్రయోజనం కనుక ఊరికే ఇమ్మని ఎవరూ అనరు. 2013 భూసేకరణ చట్టం పరిహారానికి సమానంగా సొలేషియం కూడా ఇమ్మంది. మరి అదే ప్రజాప్రయోజనం కోసం పరుగెత్తే బండి ఒకడి కాలో, ప్రాణమో తీసుకుంటే, "పాపం, మంచిపని మీద వెళుతున్నది" అని సరిపెట్టుకోమనడం ఏ ధర్మం? లాభం ఊరందరిదీ అయినప్పుడు నష్టం ఒక్క ఇంటిది కారాదు.

కనుక అడుగుతున్నాను. ప్రభుత్వం 146వ సెక్షను మినహాయింపును అత్యవసర వాహనాల విషయంలో వదులుకోవాలి. గుత్తకు నడిపే ప్రతి అంబులెన్సు మీదా యజమాని, నిర్వాహకుడు, బీమా పాలసీ వివరాలు అందరికీ కనబడేలా వ్రాయాలి. 2011లో అద్దె బస్సుల కేసులోనూ, 2014లో అస్సాం ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న బండి కేసులోనూ సుప్రీంకోర్టు బండి ఎవరి అధీనంలో ఉన్నదన్నదే ముఖ్యమన్నది. ఆ సూత్రాన్ని గుత్త ఒప్పందాలలోనే వ్రాసి, ముందు చెల్లించి తరువాత వాళ్ళూ వాళ్ళూ తేల్చుకోవాలి. ప్రమాదం జరిగిన బండి ప్రయాణపు నమోదులను ట్రిబ్యునలుకు అప్పగించడం తప్పనిసరి చేయాలి. అప్పగించకపోతే నిర్లక్ష్యం ఉన్నట్లే భావించాలి.

ఆ లైసెన్సు అభ్యంతరం సంగతి చెప్పడం మరిచాను. తేలికపాటి వాహనపు లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా వాహనం నడపవచ్చునని 2017లో చెప్పిన మాటనే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఖాయపరచింది. ఆ తీర్పు నకలు తీసి ఆమెకిచ్చాను. చదవడం రాదు ఆమెకు. మడిచి, ఇస్త్రీ బట్టల క్రింద దాచుకుని, "ఈసారైనా అవుతుందా బాబూ?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. జవాబు చెప్పవలసినవాడిని నేను కాదు.