రాంచీ టర్ఫ్ నుంచి మన ఆటల పీరియడ్ దాకా

2024 జనవరి 13 నుంచి 19 వరకు రాంచీలో మహిళల ఒలింపిక్ అర్హత హాకీ పోటీలు జరిగాయి. భారత్, జర్మనీ, జపాన్, అమెరికా, న్యూజిలాండ్, ఇటలీ, చిలీ, చెక్ రిపబ్లిక్ ఆడాయి. పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లేది మొదటి మూడు జట్లే. మనకు నాలుగో స్థానం దక్కింది. అంతకు రెండు నెలల ముందు అదే మైదానంలో జపాన్‌ను 4-0తో ఓడించి ఆసియా చాంపియన్స్ ట్రోఫీ గెలిచినప్పుడు, పేపర్లో వచ్చిన ఫొటోలు కత్తిరించి నోటీసు బోర్డుకు అంటించాం. జనవరి పోటీల ఫొటో ఒక్కటీ బోర్డెక్కలేదు. మేం మాత్రం ఎక్కువ మాట్లాడుకోవలసింది ఆ ఓడిన పోటీ గురించేనని అంటాం.

ముందు ఆట సంగతి. మొదటి మ్యాచ్‌లోనే అమెరికా చేతిలో 0-1తో ఓడారు. అక్కడితో పని అయిపోయిందన్నారు చాలామంది. తర్వాత న్యూజిలాండ్‌ను 3-1తో, ఇటలీని 5-1తో గెలిచి సెమీఫైనల్‌కు వచ్చారు. ఎదుట జర్మనీ. దీపిక గోలుతో మనం ముందున్నాం. జర్మనీ రెండు గోల్స్ కొట్టింది. ఆట 60 నిమిషాలే, 59వ నిమిషంలో ఇషికా చౌధరి స్కోరు 2-2 చేసింది. ఇక షూటౌట్. హాకీ షూటౌట్ అంటే ఫుట్‌బాల్‌లోలా బంతిని ఒకచోట పెట్టి కొట్టడం కాదు. 23 మీటర్ల గీత దగ్గర్నుంచి బంతి తీసుకుని పరుగెత్తాలి, ఎదుట గోల్‌కీపర్ ఒక్కతే ఉంటుంది, 8 సెకన్లలో గోలు కొట్టాలి. ఐదేసి ప్రయత్నాల్లోనూ తేలలేదు. చివరికి 3-4తో పోయింది. మర్నాడు మూడో స్థానం కోసం జపాన్‌తో ఆడి 0-1తో ఓడారు. పెనాల్టీ కార్నర్లు వస్తూనే ఉన్నాయి, గోలు మాత్రం రాలేదు. అదృష్టం బాగాలేదని అందరూ అన్నారు. కార్నర్లను గోల్స్‌గా మార్చలేకపోవడం అదృష్టం కాదు, సాధన లోటు. ఆ మాట మెల్లగానైనా అనాలి.

ఇంకో సంగతి మమ్మల్ని ఎక్కువగా ఆకట్టుకుంది. ఆ జట్టులో ఎవరెక్కడివాళ్లో చూడండి. కెప్టెన్, గోల్‌కీపర్ సవిత హర్యానాలోని సిర్సా జిల్లా. ఇషికాది గ్వాలియర్. బిచ్చూ దేవి మణిపూర్, వైష్ణవి ఫాల్కే మహారాష్ట్ర, సలీమా టేటే, నిక్కీ ప్రధాన్ జార్ఖండ్. లాల్‌రెమ్సియామిది మిజోరంలోని కొలాసిబ్. చిన్న వయసులో శిక్షణ కోసం ఢిల్లీ వచ్చినప్పుడు ఆమెకు హిందీ రాదు, ఇంగ్లీషూ అంతంతే. సైగలతో మొదలుపెట్టి తోటివాళ్ల దగ్గరే హిందీ నేర్చుకుంది. 2019లో హిరోషిమాలో సెమీఫైనల్‌కు ముందు తండ్రి పోయిన వార్త తెలిసినా ఆగి ఆడిందని ఉపన్యాసాల్లో చెబుతుంటారు. అది పెద్ద విషయమే. కానీ మూడేళ్లకో ఊరు, ఊరికో భాష మారే మాలాంటివాళ్లకు ఆ సైగల సంగతే దగ్గరగా అనిపిస్తుంది. కొత్త బడిలో మొదటి వారం భోజనం బెల్లు కొట్టాక ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక నీళ్ల కుళాయి దగ్గర తచ్చాడినవాళ్లకు అది అర్థమవుతుంది.

దీనికి ఒక జవాబు వినిపిస్తుంటుంది: హాకీ ఒకేచోట పెరిగేవాళ్ల ఆట, బదిలీల పిల్లలతో జట్టు నిలవదు. ఇందులో నిజం లేకపోలేదు. రాంచీ స్టేడియానికి జైపాల్ సింగ్ ముండా పేరు పెట్టారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టుకు కెప్టెన్, తర్వాత రాజ్యాంగ సభ సభ్యుడు. ఆ నేలలో ఆట అంత పాతది. సిమ్డేగా, ఖూంటీ పల్లెల్లో ఆడపిల్లలు వెదురు కర్రలతో ఆడుతూ పెరుగుతారు. గెలిచిన జట్టుకు మేకపోతును బహుమతిగా ఇచ్చే పోటీలు జరుగుతాయి. అలాంటి ఊరిని మనం పెట్టెలో సర్దుకుని వెంట తెచ్చుకోలేం. కానీ హాకీ వాతావరణం పెద్దగా లేని మన చిత్తూరు జిల్లా పల్లె నుంచి వచ్చిన రజని టోక్యో ఒలింపిక్స్‌కు రిజర్వ్ గోల్‌కీపర్‌గా వెళ్లింది. ఊరు ఇవ్వలేనిదాన్ని ఇంకెవరో ఇచ్చారన్నమాట. మన విషయంలో ఆ ఇంకెవరో బడే కావాలి. ఎందుకంటే ఊరు మారినా మనకు మారనిది బడి ఒక్కటే. అదే యూనిఫాం, అదే పుస్తకాలు, అదే ప్రార్థన. హాకీ కూడా అలాగే ఎందుకు ఉండకూడదు?

మేం చదివిన బడుల్లో జరిగింది వేరు. హాకీ స్టిక్‌లు అబ్బాయిలకు, అమ్మాయిలకు త్రోబాల్. ఒకచోట అమ్మాయిల జట్టు ఉండేది కానీ ఏడాది మొదట్లోనే పేర్లు రాసేసుకున్నారు, ఆగస్టులో చేరినవాళ్లకు చోటు లేదు. ఇంకోచోట స్టిక్‌లు పిల్లల సొంతం. ఇద్దరు తండ్రులకు బదిలీ అయింది, ఆ స్టిక్‌లతో పాటే ఆటా వెళ్లిపోయింది. పదకొండు మంది దొరకరన్న మాటకు కూడా ఒక దారి ఉంది. రాంచీ పోటీలు ముగిసిన కొద్ది రోజులకే మస్కట్‌లో ఐదుగురేసి ఆడే హాకీ ప్రపంచ కప్ జరిగింది. మన మహిళల జట్టు ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో 2-7తో ఓడి రెండో స్థానంలో నిలిచింది. ఐదుగురంటే గోల్‌కీపర్‌తో కలిపి! ఏ చిన్న ఊరి బడిలోనైనా అంతమంది అమ్మాయిలు దొరకరా? దానికి పెద్ద మైదానం కూడా అక్కర్లేదు, మన అసెంబ్లీ స్థలం చాలు.

కాబట్టి ఆటల కమిటీని మేం అడుగుతున్నది పెద్దదేం కాదు. పది స్టిక్‌లు, ఒక గోల్‌కీపర్ కిట్ బడి పేరు మీద కొని, బడిలోనే ఉంచండి. జట్టు జాబితాలో రెండు గళ్లు ఖాళీగా వదలండి, ఏ నెలలో ఎవరు వచ్చి చేరతారో తెలియదు కదా. అబ్బాయిల మ్యాచ్‌కు తరగతులు ఆపి అందరినీ మైదానానికి తీసుకెళ్లినట్టే, అమ్మాయిల మ్యాచ్‌కూ తీసుకెళ్లండి. సలీమా 2024 నవంబరులో రాజ్‌గిర్‌లో కెప్టెన్‌గా చైనాను 1-0తో ఓడించి ఆసియా ట్రోఫీ మళ్లీ తెచ్చింది. ఆ ఫొటో ఇంకా బోర్డు మీదే ఉంది. దాని పక్కన కొంచెం చోటు కూడా ఉంది.