ఖర్చుకు లెక్క ఉంది, హక్కులకు లేదు

ఖజానా నుంచి డబ్బు ఖర్చయ్యే బిల్లు ఏదైనా దానికి ఆర్థిక మెమోరాండం జతచేయాలని లోక్‌సభ నియమావళి చెబుతోంది. ఆ బిల్లు ఎవరి స్వేచ్ఛను, ఎవరి గౌరవాన్ని కుదిస్తుందో చెప్పాల్సిన బాధ్యత మాత్రం మంత్రికి లేదు.

2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ (ఐడెంటిఫికేషన్) చట్టాన్నే చూడండి. కంటిపాప స్కాన్‌లు, జీవ నమూనాలు సేకరించే వీలు పోలీసులకు కల్పించి, రికార్డులను 75 ఏళ్లు భద్రపరచవచ్చన్న చట్టమిది. మార్చి 28న బిల్లు పెట్టారు. ఏప్రిల్ 4న లోక్‌సభ, 6న రాజ్యసభ ఆమోదించాయి. కమిటీకి పంపాలన్న ప్రతిపక్షాల డిమాండ్ నెగ్గలేదు. 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టం పుట్టుకకే నేరాన్ని అంటగట్టింది. దాని కింద స్టువర్టుపురం సెటిల్‌మెంట్‌లో బతికిన ఎరుకలకు పోలీసు రికార్డంటే ఏమిటో బాగా తెలుసు. ఆ చట్టం 1952లో రద్దయింది, అనుమానం మాత్రం రద్దు కాలేదు. విముక్త జాతుల మాట వినడానికి పార్లమెంటుకు ఒక్క సిటింగ్ కూడా దొరకలేదు.

ఇది ఒక్క బిల్లు కథ కాదు. పీఆర్‌ఎస్ లెక్కల ప్రకారం 15వ లోక్‌సభలో 71 శాతం బిల్లులు కమిటీల ముందుకు వెళ్లాయి. 17వ లోక్‌సభలో వెళ్లింది 16 శాతమే.

కోర్టులున్నాయి కదా అంటారు. 32వ అధికరణను రాజ్యాంగానికి ఆత్మ, హృదయం అన్నారు బాబాసాహెబ్. కానీ కోర్టు పరిశీలన సాధారణంగా చట్టం వచ్చాకే. ఎస్సీ, ఎస్టీ, బీసీ పేదలను ఈడబ్ల్యూఎస్ కోటా నుంచి మినహాయించిన 103వ సవరణ 2019 జనవరిలో రెండు రోజుల్లో ఉభయసభలూ దాటింది. దానిపై సుప్రీంకోర్టు తీర్పు 2022 నవంబర్‌లో వచ్చింది.

బ్రిటన్‌లో 1998 మానవ హక్కుల చట్టం ప్రకారం, బిల్లు హక్కులకు అనుగుణమో కాదో మంత్రి రాతపూర్వకంగా ప్రకటించాలి. ఉభయసభల హక్కుల కమిటీ ఆ మాటను పరీక్షిస్తుంది. ఆస్ట్రేలియా 2011లో ఇలాంటి చట్టమే చేసింది. అక్కడా చెడ్డ చట్టాలు ఆగిపోలేదు. రువాండా బిల్లు హక్కులకు అనుగుణమని హామీ ఇవ్వలేనని బ్రిటన్ మంత్రి ఒప్పుకున్నా, అది 2024లో చట్టమైంది. కానీ ఆ ఒప్పుకోలు రికార్డులో ఉంది. మనకు ఆ పాటి జవాబుదారీ కూడా లేదు.

ఇందుకు రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, సభా నియమాలు మార్చితే చాలు. ప్రతి బిల్లుకూ హక్కుల ప్రభావ పత్రం జతచేయాలి. దాన్ని పరీక్షించే సంయుక్త కమిటీ ఉండాలి. ఎస్సీలకు సంబంధించిన ప్రధాన విధానాలపై జాతీయ ఎస్సీ కమిషన్‌ను సంప్రదించాలని 338(9) ఇప్పటికే ఆదేశిస్తోంది. కమిషన్ ఏమందో బిల్లుతో పాటే సభ ముందుంచాలి.

రూపాయికి దక్కిన పరిశీలన మనిషికి దక్కకపోతే, అది రాజ్యాంగ నైతికత అనిపించుకోదు.