డిక్కీలో సిలిండర్లు, స్టీరింగు దగ్గర నిద్రమత్తు

మిర్చి కోతలు అయిపోయాయి. గుంటూరు యార్డుకు వేసవి సెలవులు దగ్గరపడ్డాయి. పెదకాకాని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు బస్సు మాట్లాడుకుని షిర్డీ, అజంతా, ఎల్లోరా, త్ర్యంబకం, సోమనాథ్, ద్వారక చుట్టి వచ్చే కాలమిది. వెళ్లొద్దని అనడం లేదు. కొండను పైనుంచి కిందికి తొలుచుకుంటూ వచ్చి నిలబెట్టిన ఎల్లోరా కైలాసాన్ని ఒక్కసారైనా కళ్లారా చూడాల్సిందే. అయితే ఆ బస్సులు బయల్దేరే తీరు చూశాక ఊరుకోవడం తప్పవుతుంది.

పెదకాకాని మల్లేశ్వరస్వామి గుడి ముందు బస్సు ఆపి కొబ్బరికాయ కొడతారు, టైర్ల కింద నిమ్మకాయలు పెడతారు. ఆ పూజ అవుతుండగా డిక్కీ తెరిపించి చూడండి. బియ్యం బస్తాలు, పచ్చడి జాడీలు, గుండిగలు, వాటి సందున గ్యాస్ సిలిండర్లు. వంటమనిషి మనవాడే, దారి పక్కన ఆపి వేడివేడిగా వండిపెడతాడు. రొట్టె మింగుడుపడని పెద్దవాళ్లకు అదెంత సుఖమో తెలియనిది కాదు. కానీ 2023 ఆగస్టు 26న మదురైలో ఏం జరిగింది? లక్నో నుంచి వచ్చిన యాత్రికుల రైలు పెట్టెలో, నిబంధనలకు విరుద్ధంగా తెచ్చుకున్న సిలిండరు వల్ల మంటలు లేచి 9 మంది చనిపోయారు. ఆ పెట్టె స్టేషను దగ్గర ఆగే ఉంది!

బస్సు అంటుకుంటే తప్పించుకునే వ్యవధి ఎంతో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? 2013 అక్టోబరు 30న పాలెంలో బస్సు కాలిపోయి 45 మంది చనిపోయారు. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో 19 మంది ప్రయాణికులు. రెండూ తెల్లవారుజామునే.

తెల్లవారుజాము అనగానే డ్రైవరు గుర్తురావాలి. రాత్రంతా ప్రయాణం, పగలంతా దర్శనాలు అని కరపత్రంలో గొప్పగా వేస్తారు. మరి ఆ డ్రైవరు ఎప్పుడు పడుకుంటాడు? మీరు గుహలు చూసొచ్చేలోగా, కాగిపోతున్న బస్సులో సీట్ల మధ్య తువ్వాలు పరుచుకుని. రోజుకు 8 గంటల పనే అని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే చెప్పింది. గుంటూరు నుంచి షిర్డీ సుమారు 900 కిలోమీటర్లు. ఒక్క డ్రైవరుతో ఒక్క రాత్రిలో చేర్చుతాననేవాడి మాటకు తలూపితే ఆ పాపంలో మనకూ వాటా ఉంటుంది.

ఇక ఎండ. మన ఎండలు చూసినవాళ్లం, అదో లెక్కా అనుకోకండి. 2010 మే నెలలో అహ్మదాబాద్‌లో ఉష్ణోగ్రత 46.8 డిగ్రీలు తాకింది. మామూలు మే నెలలతో పోలిస్తే ఆ నెల 1,344 మరణాలు ఎక్కువ నమోదయ్యాయి. ఆ దెబ్బతోనే 2013లో ఆ నగరం వడగాడ్పుల ప్రణాళిక తెచ్చుకుంది. కాబట్టి ఎల్లోరా పొద్దున్నే చూసేయండి. పదకొండు దాటాక బీపీ, షుగరు ఉన్నవాళ్లను అజంతా మెట్లు ఎక్కించకండి. అజంతాకు సోమవారం, ఎల్లోరాకు మంగళవారం సెలవు. ఆ సంగతి తెలియని టూరు నిర్వాహకులూ ఉన్నారు మరి!

టికెట్ ఇచ్చారు కదా, భయమేముంటుందనే ధీమా కూడా పనికిరాదు. గుజరాత్‌లోని మోర్బీలో రాజుల కాలపు వేలాడే వంతెనకు మరమ్మతు చేసి తెరిచిన కొద్ది రోజులకే, 2022 అక్టోబరు 30న, అది తెగి 135 మంది చనిపోయారు. వాళ్లూ టికెట్ కొనే ఎక్కారు. జనం ఒత్తిడి కనిపిస్తే, అది కోట బురుజైనా సరే, వెనక్కి రండి.

అడ్వాన్సు ఇచ్చేముందు బస్సు నంబరు అడిగి తీసుకోండి. ఎం-పరివాహన్ యాప్‌లో ఫిట్‌నెస్, బీమా, పర్మిట్ గడువులు చూడండి. అత్యవసర ద్వారం మీ చేత్తో తెరిచి చూడండి, దానికి అడ్డంగా సీటుగానీ సామానుగానీ ఉంటే తీయించండి. మహారాష్ట్ర, గుజరాత్‌లలోనూ అంబులెన్సుకు 108 పనిచేస్తుంది. ఇద్దరు డ్రైవర్లు లేని బస్సు, సిలిండరు ఉన్న బస్సు ఎవరు పెట్టినా ఎక్కకండి, మీ అమ్మానాన్నలను ఎక్కనివ్వకండి.