దండోరా ముగిశాక మిగిలేది

ఎస్సీ వర్గీకరణ పోరాటం కోసం మా మండలంలో ఒక వాట్సాప్ గ్రూపు ఏర్పడింది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో వర్గీకరణ చట్టం అమల్లోకి వచ్చిన రోజున అది శుభాకాంక్షలతో హోరెత్తింది. ఆ తర్వాత కొద్ది నెలలకే పుట్టినరోజు పూలగుత్తులకూ, నాయకుల ఫ్లెక్సీ బొమ్మలకూ పరిమితమైపోయింది. ఈమధ్య ఒక మిత్రుడు ‘లక్ష్యం నెరవేరింది కదా, ఇక మూసేద్దాం’ అని ప్రతిపాదించాడు. పలువురు సరేనన్నారు. నేను వద్దన్నాను. అందుకు కారణాలు మా ఒక్క మండలానికే సంబంధించినవి కావు గనుక ఇక్కడ రాస్తున్నాను.

ఆ గ్రూపు నిన్నటిదే కావచ్చు, దాని వెనుక ఉన్న సమూహం మాత్రం మూడు దశాబ్దాలది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా డప్పుతో, కరపత్రంతో, పాదయాత్రతో ఊరూరా తిరిగింది. 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం సాధించుకుంది. 2004 నవంబరులో ఇ.వి. చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. రాష్ట్రాలకు వర్గీకరణ అధికారం ఉందని ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 ఆగస్టు 1న 6-1 మెజారిటీతో తేల్చేదాకా ఇరవై ఏళ్లు గడిచాయి. ఆ ఇరవై ఏళ్లూ మన చేతిలో చట్టం లేదు. ఒకరినొకరు ఎరిగిన మనుషులు మాత్రం ఉన్నారు. సభ ఎక్కడో, కేసు ఏ దశలో ఉందో చెప్పుకోవడానికి మొదట కరపత్రం, తర్వాత ఫోను పనికొచ్చాయి. కోర్టు తీర్పుకు కూడా చెదరని ఆ పరిచయాన్ని గెలిచిన తర్వాత మనంతట మనమే వదులుకోవడం ఏం న్యాయం?

అయితే కేవలం జ్ఞాపకాల కోసం గ్రూపును నిలపమని నేను అడగడం లేదు. అసలు కారణం చట్టంలోనే ఉంది. తెలంగాణలో 59 షెడ్యూల్డ్ కులాలను మూడు వర్గాలుగా విభజించారు. అత్యంత వెనుకబడిన 15 కులాల మొదటి వర్గానికి 1 శాతం, మాదిగలతో కూడిన 18 కులాల రెండో వర్గానికి 9 శాతం, మాలలతో కూడిన 26 కులాల మూడో వర్గానికి 5 శాతం కేటాయించారు. మొదటి వర్గంలో అర్హులు లభించకపోతే ఆ ఉద్యోగం రెండో వర్గానికి, అక్కడా లేకపోతే మూడో వర్గానికి వెళ్తుంది.

ఈ నిబంధనను మనం నిదానంగా చదవాలి. మొదటి వర్గంలో డక్కలి, మాష్టి, బుడగ జంగం, మాంగ్ వంటి కులాలున్నాయి. డక్కలివారు, మాష్టివారు మనకు ఆశ్రిత కులాలు. మాదిగవాడ బయట గుడారం వేసుకుని, జాంబ పురాణం చెప్పి, మన వంశాన్ని కీర్తించి, మనమిచ్చిన దానితో బతికినవారు డక్కలివారు. వారి బిడ్డ దరఖాస్తు చేయకపోతే ఆ ఉద్యోగం ముందుగా వచ్చేది మనకే. అందరి పేరిట వచ్చిన వాటా ముందున్నవారికే చేరుతోందని ముప్పై ఏళ్లు దేశానికి చెప్పినవాళ్లం మనం. రేపు అదే మాట డక్కలివారు మనతో అంటే ఏమని జవాబిస్తాం?

నేను పాఠం చెప్పిన ఒక డక్కలి విద్యార్థి డిగ్రీ పూర్తి చేశాడు. కుల ధ్రువీకరణ పత్రం కోసం వెళితే తండ్రి పత్రం తెమ్మన్నారు. తండ్రి బడి ముఖం చూడలేదు, ఏనాడూ ఒక ఊళ్లో స్థిరంగా లేడు. ఆ పత్రం లేకపోతే అతని పేరు మొదటి వర్గంలో ఉన్నా లేనట్టే. రెండు వందల మందికి పైగా ఉన్న మా గ్రూపులో డక్కలివారు ఒక్కరైనా ఉన్నారా అని వెతికాను. లేరు.

నాకు ఎదురయ్యే అభ్యంతరాలు తెలుసు. ఇలాంటి గ్రూపులు ఎన్నికలు రాగానే పార్టీల చేతికి చిక్కుతాయన్నది నిజమే. ఉద్యమకాలంలో మాల సోదరులను దూషించే సందేశాలు మనవైపు నుంచీ, మనను దూషించేవి వారివైపు నుంచీ తిరిగాయి. వాటిని నేనూ చదివి ఊరుకున్నాను. పై నుంచి వచ్చిన పిలుపును పదిమందికి పంపడం తప్ప మరో పని మనకు అలవాటు కాలేదు. ఆ అలవాట్లతోనే కొనసాగేటట్లయితే మూసేయడమే మేలు.

కాని చేయవలసిన పని వేరే ఉంది. ఉద్యోగ ప్రకటన రాగానే ఏ వర్గానికి ఎన్ని పోస్టులో చూసి అర్హులకు చెప్పాలి. రోస్టరు సరిగా అమలైందో లేదో సమాచార హక్కు చట్టం కింద అడగాలి. పత్రాలు లేని కుటుంబాల వెంట కార్యాలయానికి నడవాలి. ఖాళీల భర్తీ, ప్రైవేటు రంగంలో రిజర్వేషన్లు మాల మాదిగలిద్దరి కోరికలు కనుక, వాటి గురించి మాట్లాడుకోవడానికైనా మాల మిత్రులను పిలవాలి. వీటికి పెద్ద సభ అక్కరలేదు. ఊరికొక్కరు తెలిసినవారుంటే చాలు, ఆ తెలిసినవారంతా ఇప్పటికే ఈ గ్రూపులో ఉన్నారు.

గత వారం ఆ విద్యార్థిని గ్రూపులో చేర్పించాను. తన సమస్యను నాలుగు వాక్యాల్లో రాశాడు. ఆ రాత్రి ఎవరూ పలకలేదు. తెల్లవారాక, రెవెన్యూ శాఖలో పనిచేసి విరమించిన ఒక పెద్దాయన, విచారణ ఎలా కోరాలో, ఎవరి వాంగ్మూలాలు తీసుకోవాలో వివరంగా రాసి, ‘సోమవారం నేను కూడా వస్తాను బాబూ’ అన్నారు. మూసివేత ప్రతిపాదన ఆ తర్వాత మళ్లీ చర్చకు రాలేదు.