‘ఇంటికి తీసుకుపోండి’ అన్న తర్వాత: మిర్యాలగూడ వాడల్లో పిల్లల నొప్పి ఎవరి పద్దు?

“ఇక మా చేతుల్లో ఏం లేదు, ఇంటికి తీసుకుపోండి.” హైదరాబాద్ పెద్దాసుపత్రుల్లో ఈ మాట విన్న తల్లిదండ్రులు బిడ్డను భుజాన వేసుకొని మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ బస్సెక్కుతారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో స్కానింగ్ ఫిల్ములు, రిపోర్టులు, డిశ్చార్జి కాగితం. కాగితం మీద కొన్ని రోజులకు సరిపడా మందులు రాసి ఉంటాయి. అవి అయిపోయాక ఏం చేయాలో చాలాసార్లు రాసి ఉండదు. రాత్రి రెండు గంటలకు బిడ్డ నొప్పితో మెలితిరిగిపోతే ఏ నంబరుకు ఫోన్ చేయాలో అసలే ఉండదు.

వైద్యంలో ఈ దశకు పేరుంది, పద్ధతి ఉంది, మందులున్నాయి. పాలియేటివ్ కేర్ అంటారు. నొప్పి, ఆయాసం, వాంతులు, భయం తగ్గించడం, కుటుంబానికి తోడుండడం దాని పని. తెలంగాణలో చేవెళ్ళ దగ్గర మొదలైన ప్రభుత్వ కార్యక్రమం తర్వాత జిల్లాలకు విస్తరించింది. ఇంటికే వచ్చే బృందం తిరిగే బండికి ‘ఆలన’ అని పేరు పెట్టారు. పేరు బాగుంది, ఆలోచనా మంచిదే. అది ఎవరిని తలుచుకొని తయారైందన్న దగ్గరే మా పేచీ. పక్షవాతం వచ్చిన ముసలివాళ్ళు, క్యాన్సర్ ముదిరిన పెద్దలు ఆ సేవకు ముందు గుర్తొస్తారు. పిల్లలు గుర్తురారు. అందులో ఎస్సీ వాడల పిల్లలు ఎందరో కులం వారీగా లెక్క బయటికి రాదు.

ఏ పిల్లలు అంటే క్యాన్సర్ పిల్లలు మాత్రమే కాదు. రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవాల్సిన తలసీమియా పిల్లలున్నారు. కండరాలు క్షీణించి నడక ఆగిపోయే మస్కులర్ డిస్ట్రఫీ పిల్లలు, పుట్టుకతో గుండె జబ్బున్నవాళ్ళు, మెదడు దెబ్బతిని మంచానికే పరిమితమైనవాళ్ళు ఉన్నారు. వీళ్ళలో చాలామంది ఏళ్ళ తరబడి బతుకుతారు. అందుకే పిల్లల విషయంలో ఈ సేవ జబ్బు నిర్ధారణ అయిన రోజు నుంచే, నయం చేసే వైద్యంతో పాటే నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇక్కడ మాత్రం ఆఖరి గడియ దాకా ఆ మాటే ఎత్తరు.

మా వాడల నుంచి వచ్చే ఒక అనుమానాన్ని దాటవేసి ముందుకు పోలేం. “ఉన్నోళ్ళ బిడ్డకు ఆపరేషన్, మా బిడ్డకు నొప్పి మాత్రనా?” అని అడుగుతారు. న్యాయమైన అనుమానం. ధనిక దేశాల్లో పిల్లల క్యాన్సర్లలో 80 శాతానికి పైగా నయమవుతుంటే, చాలా పేద, మధ్యాదాయ దేశాల్లో 30 శాతం కూడా నయం కావడం లేదు. 2030 నాటికి కనీసం 60 శాతం పిల్లలను బతికించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకుంది. అంటే చనిపోతున్న పిల్లల్లో చాలామంది చనిపోవాల్సినవాళ్ళు కారు. ఆలస్యంగా కనుక్కోవడం, డబ్బు లేక మధ్యలో మానేయడం, వాళ్ళ ప్రాణం తీస్తున్నాయి. కాబట్టి పాలియేటివ్ కేర్ అడగడమంటే నయం చేసే వైద్యాన్ని వదులుకోవడం కాదు. రెండూ కావాలి. ఒకటి ఇచ్చి రెండోది ఎగ్గొట్టే బేరానికి ఒప్పుకోకూడదు.

ఈ బేరం ఎక్కడిదాకా పోతుందో చిత్తూరు జిల్లా చూపించింది. 2016 జూన్‌లో కాలేయ జబ్బున్న పసిపాప తల్లిదండ్రులు, వైద్యం చేయించలేమని, బిడ్డ కారుణ్య మరణానికి అనుమతివ్వాలని తంబళ్ళపల్లె కోర్టు మెట్లెక్కారు. వార్త వచ్చాక ప్రభుత్వం కదిలింది, చెన్నైలో కాలేయ మార్పిడి జరిగింది. చావు అడిగితే గానీ బతుకు దొరకలేదన్నమాట. 2021లో అదే జిల్లాలో అరుదైన జబ్బున్న తొమ్మిదేళ్ళ కొడుకు కోసం ఓ తల్లి అలాంటి అర్జీతోనే పుంగనూరు కోర్టుకు వెళ్ళింది. ఇంటికి తిరిగి వెళ్తుండగా బాబు ప్రాణం పోయింది. ఆ తల్లులు నిజంగా అడిగింది చావునా? నొప్పి ఆగాలని, అప్పు ఆగాలని అడిగారు. ఆ రెండింటికీ మనకు దరఖాస్తు ఫారం లేదు కనుక మరణానికి అర్జీ పెట్టారు. గౌరవంగా మరణించే హక్కు 21వ అధికరణలో భాగమని సుప్రీంకోర్టు 2018 మార్చిలో తీర్పు ఇచ్చింది. మంచిదే. ఆ మరణానికి ముందున్న రోజుల్లో నొప్పి లేకుండా ఉండే హక్కు కూడా అదే అధికరణ కింద మాకు రావాలి కదా.

డబ్బు సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. కానీ ఆ పథకం నిర్మాణమే ప్యాకేజీల మీద నిలబడింది: ఆపరేషన్‌కు ఇంత, కీమోకు ఇంత. ఆసుపత్రి గేటు బయట జరిగేది అందులో పట్టదు. నెలకు రెండుసార్లు పట్నం ప్రయాణం, తల్లి కోల్పోయిన కూలి, వార్డు బయట తిండి, ఇంటి దగ్గర మిగతా పిల్లల బడి. రైస్ మిల్లులో హమాలీ చేసే తండ్రికి, నాట్లకు పోయే తల్లికి సెలవు జీతం ఉండదు. అప్పు మిల్లు సేటు దగ్గరో, భూమున్న ఆసామి దగ్గరో తేవాలి. ఆ అప్పు బిడ్డ పోయాక కూడా ఇంట్లోనే ఉంటుంది, వెట్టి రూపంలో.

“ఆన్‌లైన్‌లో విరాళాలు అడగొచ్చు కదా” అంటారు చదువుకున్న మిత్రులు. 2021లో హైదరాబాద్‌లో ఒక పసివాడికి 16 కోట్ల రూపాయల జన్యుచికిత్స మందు విరాళాలతోనే వచ్చింది. సంతోషించాం. అయితే విరాళం అన్నది ముందు పరిచయం, తర్వాతే దయ. ఫోన్లో ఎవరి నంబర్లు ఉన్నాయి, ఆ నంబర్ల వెనక ఎలాంటి జీతాలున్నాయి, బిడ్డ ఫొటో, కథ ఎవరు ఇంగ్లీషులో రాసిపెడతారు అన్నదాన్ని బట్టి డబ్బు వస్తుంది. కులం కూడబెట్టిన పరిచయాల జాబితా అది. వాడలో తల్లి ఫోన్లో అడ్డా మేస్త్రీ, ఆశా కార్యకర్త, బంధువులు ఉంటారు.

ఇప్పుడు మందు దగ్గరికి వద్దాం. అసలు ముడి ఇక్కడుంది. క్యాన్సర్ ముదిరిన బిడ్డ తీవ్రమైన నొప్పికి పారాసెటమాల్ సరిపోదు. మార్ఫిన్ కావాలి. 2012లో పిల్లల నొప్పి మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండే మెట్లు పెట్టింది: తక్కువ నొప్పికి పారాసెటమాల్ లేదా ఐబుప్రొఫెన్, అంతకు మించితే మార్ఫిన్ వంటి బలమైన మందు. మాత్రగానో, ద్రవంగానో నోటితో ఇస్తే చాలు, సూది అక్కర్లేదు. బిడ్డ బరువును బట్టి మోతాదు, సాధారణంగా నాలుగు గంటలకోసారి. మలబద్ధకం వస్తుంది కనుక దానికీ మందు కలిపి రాస్తారు. “అలవాటు పడిపోతాడేమో” అనే భయం వైద్యుల్లోనూ ఉంది. సరైన మోతాదులో, పర్యవేక్షణలో నొప్పికి వాడితే వ్యసనం ప్రమాదం తక్కువ. ధర కూడా పెద్దది కాదు. పేద దేశాల్లో 15 ఏళ్ళలోపు పిల్లలందరి నొప్పిని ఈ మందులతో తీర్చడానికి ఏడాదికి సుమారు పది లక్షల డాలర్లు చాలని లాన్సెట్ కమిషన్ 2017లో లెక్కగట్టింది.

మరి ఎందుకు దొరకదు? 1985లో మాదకద్రవ్యాల నిరోధక చట్టం వచ్చింది. ఒక్కో మాత్రకు ఒకటికి నాలుగు లైసెన్సులు అవసరమయ్యాయి. జైలు భయంతో ఆసుపత్రులు నిల్వ పెట్టడమే మానేశాయి. దేశంలో వైద్యానికి వాడే మార్ఫిన్ ఏటా 716 కిలోల నుంచి 1997 నాటికి 18 కిలోలకు పడిపోయింది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పొలాల్లో ప్రభుత్వ లైసెన్సుతో నల్లమందు పండించే దేశం మనది! 2014లో చట్టం సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు ఒకే అనుమతితో మార్ఫిన్ పెట్టుకునే వీలు కల్పించారు. అప్పటి నుంచి అడ్డంకి చట్టంలో కంటే అలవాటులో ఎక్కువుంది. ఆసుపత్రి గుర్తింపు తీసుకోవాలి, ఒక వైద్యుడు శిక్షణ పొందాలి, రిజిస్టరు రాయాలి. ఈ మూడు పనులు చేసే ఓపిక ఎవరికీ లేకపోతే మందు రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి దగ్గరే ఆగిపోతుంది.

ఎం.ఎన్.జె. గురించి మంచి మాట చెప్పాలి. అక్కడ డాక్టర్ గాయత్రి పలత్ బృందం పిల్లలకు విడిగా పాలియేటివ్ సేవ నిర్మించింది, దేశంలో చెప్పుకోదగ్గ వాటిలో అదొకటి. నగరంలో 2011 నుంచి స్పర్శ్ హాస్పిస్ ఉచితంగా చూసుకుంటోంది. అంటే తెలుగు నేల మీద ఈ పని చేతనైనవాళ్ళు ఉన్నారు. వాళ్ళు మిర్యాలగూడకు సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఉన్నారు, కోదాడకు ఇంకా ఎక్కువ. క్యాన్సర్ రోగులకు రైల్వే స్లీపర్‌లో టికెట్ పూర్తిగా రాయితీ. మిర్యాలగూడలో రైలుంది కనుక సరే. సూర్యాపేటకు, కోదాడకు ప్రయాణికుల రైలే లేదు. జాతీయ రహదారి మీద బస్సులో కుదుపులు తింటూ ఎముకల్లో క్యాన్సర్ ఉన్న బిడ్డను తీసుకుపోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఆ ఖాళీలోకి వచ్చేది ఆర్‌ఎంపీ. మా వాడల్లో రాత్రిపూట పిలిస్తే పలికేది ఆయనే, అందుకు ఆయన్ని తిట్టబోము. ఆయన సంచిలో డైక్లోఫెనాక్ సూది, సెలైన్ ఉంటాయి. అవి ఈ నొప్పికి చాలవు, కొన్ని జబ్బుల్లో కిడ్నీలకు, రక్తస్రావానికి ప్రమాదం కూడా. ప్రతి సూదికీ డబ్బు.

ఇంటి దగ్గర వైద్యం అనే ఆలోచనలోనే ఒక ఊహ దాగి ఉంది: అందరికీ ఇల్లు ఉంటుందని. 2017 సెప్టెంబరులో హైదరాబాద్ కూకట్‌పల్లిలో డెంగీతో చనిపోయిన పదేళ్ళ పిల్లాడి శవాన్ని అద్దె ఇంట్లోకి యజమాని రానివ్వలేదు. తల్లి రాత్రంతా వానలో శవంతో రోడ్డు మీద ఉంది. మిర్యాలగూడలోనైనా సూర్యాపేటలోనైనా కిరాయి ఇల్లు దొరకాలంటేనే ముందు కులం అడుగుతారు. ఆ ఇంట్లో మరణం దగ్గరపడ్డ బిడ్డ ఉందని తెలిస్తే ఖాళీ చేయమంటారేమోనన్న భయం కొత్తది కాదు. అందుకే జబ్బు దాస్తారు. జబ్బు దాస్తే ఆలన బండి వీధి చివర ఆపడం కూడా కష్టమే. అలాంటి కుటుంబానికి బిడ్డతో పాటు తల్లి ఉండగలిగే నాలుగు పడకల గది ఏరియా ఆసుపత్రిలోనే కావాలి.

రికార్డుల్లో ఈ పిల్లలు ఎలా మాయమవుతారో కూడా చూడాలి. డబ్బు అయిపోయి తీసుకుపోతుంటే ‘వైద్యుల సలహాకు వ్యతిరేకంగా వెళ్ళిపోయారు’ అని రాసి తండ్రి వేలిముద్ర తీసుకుంటారు. ఏ సలహా? ఉండమన్నారా, ఉంటే ఖర్చు ఎవరు పెడతామన్నారు? ఆ ఒక్క వాక్యంతో తప్పు కుటుంబం మీదికి మారుతుంది, మరణం ఆసుపత్రి లెక్కలోంచి జారిపోతుంది. దారిలోనో ఇంట్లోనో ప్రాణం పోతే ప్రభుత్వ ఆసుపత్రి నుంచి శవాన్ని ఉచితంగా చేర్చే పరమపద వాహనం కూడా వర్తించదు.

మిర్యాలగూడ అనగానే మన పాఠకులకు 2018 సెప్టెంబరు 14 గుర్తొస్తుంది. ప్రణయ్ హత్య కేసులో తీర్పుకు 2025 మార్చి దాకా ఆగాం. కత్తితో జరిగిన హత్యను లోకం చూసింది, మనం వీధికెక్కాం. వాడలో నెలల తరబడి అరిచి ఆగిపోయిన బిడ్డ గొంతు మీద మన సంఘాలు కూడా ఒక్క ధర్నా చేయలేదు. నల్లగొండకు నయం కాని నొప్పి కొత్త కాదు. ఫ్లోరోసిస్ మీద దశాబ్దాలు కొట్లాడి కృష్ణా నీళ్ళు తెచ్చుకున్నాం. కానీ అప్పటికే ఎముకలు వంగిపోయినవాళ్ళ రోజువారీ నొప్పిని ఎవరు చూసుకుంటారన్నది ఆ ఉద్యమంలోనూ వెనక్కే ఉండిపోయింది.

కేరళ 2008లోనే పాలియేటివ్ విధానం తెచ్చింది. అక్కడ పంచాయతీ తన ప్రణాళిక నిధుల్లోంచి నర్సును పెట్టుకుంటుంది, ఆమె ఇంటింటికీ తిరుగుతుంది, వలంటీర్లు తోడుంటారు. మనకు అంతకంటే బలమైన ఒక ఆయుధం చేతిలో ఉంది: 2017 నాటి తెలంగాణ ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం. జనాభా దామాషాలో, అంటే ఎస్సీలకు 15.45 శాతం, నిధి కేటాయించాలి. ఖర్చు కాకపోతే తర్వాతి ఏడాదికి మళ్ళించాలి. రోడ్లకు, భవనాలకు దాన్ని సర్దేస్తుంటే చూస్తూ ఊరుకుంటున్నాం. అదే నిధిలోంచి మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ ఆసుపత్రులకు పిల్లల పాలియేటివ్ నర్సు ఒక్కొక్కరిని, ప్రయాణ ఖర్చును, బిడ్డతో ఉండే తల్లికి రోజు కూలిని అడగొచ్చు. బడులకు, అంగన్‌వాడీలకు వచ్చే ఆర్‌బీఎస్‌కే బృందం 2013 నుంచి పుట్టుకలోపాలు, జబ్బులు వెతుకుతోంది. వెతికి పట్నం పంపిన బిడ్డ తిరిగి వచ్చాక ఎలా ఉందో చూసే పని కూడా ఆ బృందానికే అప్పగించాలి.

అడగడం ఎలా మొదలుపెట్టాలంటే సమాచార హక్కు అర్జీతో. జిల్లా వైద్యారోగ్య అధికారికి నాలుగు ప్రశ్నలు చాలు. మా ఏరియా ఆసుపత్రికి మార్ఫిన్ నిల్వకు గుర్తింపు ఉందా? గత ఏడాది ఎన్ని మాత్రలు వాడారు, అందులో 18 ఏళ్ళలోపు వాళ్ళకు ఎన్ని? ఆలన బండి ఏ ఏ ఎస్సీ కాలనీలకు ఎన్నిసార్లు వెళ్ళింది? సలహాకు వ్యతిరేకంగా వెళ్ళారని రాసిన పిల్లలెందరు? తెల్లకార్డు ఉన్నవాళ్ళకు ఫీజు లేదు. జవాబుకు గడువు 30 రోజులు. బిడ్డ ప్రాణం మీదికొచ్చిన సందర్భంలో అడిగితే 48 గంటలు.