చలికీ కూలికీ ప్రాస కుదరదా?

డిసెంబరు వచ్చిందంటే నాకు కవిత్వం రాదు, ఆవలింతలొస్తాయి. మొన్నో తెల్లవారుజామున దుప్పటి ముసుగులోనే ‘చలి’ అని రాసుకుని ప్రాస కోసం వెతికాను. ‘పులి’ వచ్చింది. తరిమేశాను. మళ్లీ వచ్చింది. ఏటా ఈ రోజుల్లో తెలుగు పేపర్ల హెడ్డింగుల్లో తిరిగే పులే అది. జనవరి మధ్యాహ్నం ఫ్యాను వేసుకునే గుంటూరులో పులి ఎక్కడిదండీ? మహా అయితే పిల్లి. అది ప్రాసకు పనికిరాదు.

ఈ గోల చెప్పుకుంటే కవిమిత్రులు నవ్వుతారు. “ఇంకా ప్రాసలేంటి, వచనం రాసుకో” అంటారు. రాశాం కదా వచనం! అందులో చలికాలమంటే ఏముంది? పొగమంచు, కిటికీ, కాఫీ కప్పు, ఒంటరితనం. రాలిన ఆకు తప్పనిసరి. ప్రాసను వదిలేశాం గానీ పులిని వదల్లేదు. దానికి కాఫీ అలవాటు చేశాం, అంతే.

ఈ బద్ధకానికి కుందుర్తి పేరు అడ్డం పెట్టుకుంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. 1958లో ఫ్రీవర్స్ ఫ్రంట్ పెట్టిన కుందుర్తి ఆంజనేయులు మా నరసరావుపేట దగ్గరివాడే. కవిత్వం జనం మాటకి దగ్గరవ్వాలన్నది ఆయన వాదన. అందులోంచి మనం సెలవుచీటీ ఒక్కటే చింపుకుని జేబులో పెట్టుకున్నాం.

పైగా జనం మాటలో ఈ అక్షరాల ఆట లేదని ఎవరన్నారు? “మార్గశిరాన మాట్లాడ పొద్దుండదు, పుష్యాన పూస గుచ్చ పొద్దుండదు” అంటారు పెద్దవాళ్లు. (అది ప్రాస కాదు యతి అంటారా? సరే, అక్షరం అక్షరాన్ని పిలవడమే కదా.) మాట్లాడ్డానికి పొద్దు లేనివాళ్లకి కుదిరింది. పొద్దంతా ఖాళీగా ఉన్న మనకి కుదరట్లేదు.

ప్రాస లేకపోతే కవిత్వమే కాదని నేననను. కానీ మొన్న ‘మిరప’తో మొదలుపెట్టి చూశాను. ప్రతి పాదంలోనూ రెండో హల్లు ‘ర’ కావాలి. ఎరువు, బరువు, సరుకు, ధర, కరువు వరసగా వచ్చి నిలబడ్డాయి. ‘పత్తి’ అన్నాను. విత్తు, మొత్తం, నెత్తి, చిత్తు. ఎవరిదో అప్పుల పుస్తకం తిరగేసినట్టుంది! దుప్పట్లో పడుకుని నా అంతట నేను ఆలోచిస్తే ఇవి తట్టేవా? నాకు తట్టేది కాఫీ కప్పే.

చిక్కల్లా ‘చలి’తోనే. దాని పక్కన నాకు కావాల్సింది ‘కూలి’. ఈ రోజుల్లోనే మిరప కోతలకి కర్నూలు పడమటి ఊళ్ల నుంచి కుటుంబాలకు కుటుంబాలు పిల్లాపాపలతో పల్నాడు వస్తాయి. గుడారాలేసుకుని ఉంటారు. మంచు ఆరకముందే చేలో దిగుతారు. కళ్లంలో ఆడవాళ్లు తాలుకాయ ఏరుతుంటే ఆ ఘాటుకి ఒకటే తుమ్ములు, దగ్గు. చలికాలపు అలసట అంటే అదీ. నాది ఒట్టి ఆవలింత.

లక్షణకారులు మాత్రం ఒప్పుకోరు. ‘చ’ లఘువు, ‘కూ’ గురువు. ప్రాసకు ముందున్న అక్షరాల తూకం సరిపోవాలి. కాబట్టి శాస్త్రం ప్రకారం చలికీ కూలికీ ప్రాస కుదరదు. తెల్లారి ఆరింటికి మిరపచేలో మాత్రం ఆ రెండూ రోజూ కలుస్తూనే ఉన్నాయి.

చివరికి రెండిటినీ అంత్యప్రాసలో కూర్చోబెట్టాను. ‘లి’కి ‘లి’ సరిపోయింది. మూడో పాదం చివర పిలవకుండానే ‘ఆకలి’ వచ్చి కూర్చుంది. పులి ఇంకా గుమ్మంలోనే ఉంది.