తలంబ్రాల ఫొటోలో అవ్వ ఏది?

జమ్మలమడుగులో మా అక్క పెళ్లి. అక్క దోసిలి ఎత్తిందో లేదో, ఫ్రెండ్స్ రెండు పార్టీ పాపర్లు పేల్చేశారు. ఆల్బమ్‌లో మెరుపు కాగితాలు బ్రహ్మాండంగా పడ్డాయి. వెనక నవ్వుతున్న మా అవ్వ ముఖానికి మాత్రం ఓ గులాబీ ముక్క అడ్డం. ఆర్నెల్లకే అవ్వ పోయింది. ఆ రోజు తను నవ్విన ఫొటో ఇంకోటి లేదు మా దగ్గర.

వచ్చే నెల పులివెందులలో చిన్నాన్న కొడుకు పెళ్లి. ఈసారి ముందే లెక్క వేశా. అడుగు ఎత్తు నుంచి జారిన బియ్యపు గింజ తలను తాకేసరికి సెకనుకు 2.4 మీటర్ల వేగం అందుకుంటుంది. షట్టర్ 1/60 సెకను అయితే ఫొటోలో అది 4 సెంటీమీటర్ల గీత. 1/1000 అయితే రెండున్నర మిల్లీమీటర్లు కూడా కదలదు, గింజ గింజలాగే ఉంటుంది. ఫోన్‌లో ప్రో మోడ్ ఉంటే మీరే మార్చుకోవచ్చు.

అయితే ఆ స్పీడుకి వెలుతురు బాగా కావాలి. ముహూర్తాలేమో అర్ధరాత్రి కూడా పడతాయి. మన ఒంటిమిట్ట రాములోరి కల్యాణమే రాత్రి వెన్నెల్లో కదా! అందుకే ఒక లైటు జంటకు ఎదురుగా, ఇంకోటి వెనక పక్కగా పెట్టించండి. పసుపు గింజలు మెరుస్తాయి. మొదటి దోసిలికే బర్స్ట్ నొక్కి పట్టుకోండి.

మొన్న ప్రొద్దుటూరులో పెళ్లి బట్టలు కొంటూ తమ్ముడు థర్మోకోల్ పూసలు, పాపర్లు కూడా తీసుకోబోయాడు. "వద్దురా, బియ్యం, పసుపు చాలు. జేజినాయన్ని మాత్రం నీ వెనకే కూర్చోబెట్టు" అన్నా.

పదేళ్ల తర్వాత ఆ ఫొటోలో మనం వెతికేది ముఖాల్నే.